గౌరమ్మ లేని బతుకమ్మ

పోయిన వారం మనం రాజమణిని ఎర్రమడుగు గడి భోజనశాలలో, చేతిలో చాయ కప్పుతో నిలబెట్టి వచ్చాం. ఆ చాయ ఇప్పుడు పూర్తిగా చల్లారిపోయింది. ఆమె దాన్ని తాగనూ లేదు, కింద పెట్టనూ లేదు.

మధ్యలో చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. నల్లగొండలో పన్నెండేళ్ళు గోడకు గోడ ఆనించుకుని కిరాయికున్న రెండు కుటుంబాలు దసరా సెలవులకు మూడు రోజులు ఈ గడికి వచ్చాయి. ఒకటి రాజమణి, లింగస్వాములది. రెండోది మంజుల, దశరథలది. ఒకప్పుడు దొర ఉన్న గడి ఇప్పుడు హోటలు. ధాన్యం కొట్టు స్పా అయింది. గుర్రాల కొట్టం పిల్లల ఆటగది అయింది. మేనేజరు మాత్రం తలపాగా చుట్టుకుని, వచ్చిన ప్రతివాడినీ దొరా అని పిలుస్తున్నాడు. విద్యుత్తు ఆఫీసులో గుమాస్తా అయిన లింగస్వామి మొదటిసారి ఆ పిలుపు విని, వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాడు.

రాజమణి బిడ్డ మనస్విని, మంజుల కొడుకు శ్రవణ్ ఒకరినొకరు ఇష్టపడ్డారు. మగ్గం ఇల్లు ఒకటి, పటేలు ఇల్లు ఒకటి అని పెద్దలు కొన్నాళ్ళు ముఖాలు ముడుచుకున్నారు. గోడ మీది నుంచి ఇన్నేళ్ళు ఉప్పూ కారం ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళం, పిల్లలను ఇచ్చిపుచ్చుకుంటే ఏం పోయిందని చివరికి సమాధానపడ్డారు. ఇవాళ సాయంత్రం అయిదింటికి గడి వాకిట్లో బతుకమ్మ ఆడి, ఆ పూల ముందే ఒప్పుకోలు. ఇంటికి పెద్దది, రాజమణి అత్త అండాలు. ఆమె పిల్లలిద్దరికీ బొట్టు పెట్టి కొబ్బరికాయ చేతికివ్వాలి. పని అంతే.

కాని ఎనభై నాలుగేళ్ళ అండాలు నిన్న కారు దిగి గడి పెద్ద దర్వాజ చూసిన క్షణం నుంచి మనిషి మనిషిలా లేదు. చెప్పులు విడిచి చేత పట్టుకుని, ఆ కంకర దారంతా ఉత్త కాళ్ళతో నడిచింది. తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు. నిన్న ఆరో రోజు, అలిగిన బతుకమ్మ. ఆ రోజు ఎవరూ పూలు పేర్చరు. దేవతా అత్తమ్మా ఒకేసారి అలిగారు, విడివిడిగా బతిమాలే పని తప్పిందని రాజమణి లోలోపల నవ్వుకుంది కూడా. తెల్లవారేసరికి దేవత అలక తీరింది.

పొద్దున టిఫిన్ దగ్గర గోడ మీది పాత ఫొటోలు చూస్తూ అండాలు ఒకదాని ముందు ఆగింది. తలపాగా, గుబురు మీసం, చేతిలో పొన్నుకర్ర. ఈయన ఎవరన్నట్టు వేలు చూపింది. తమ తాత రామచంద్రయ్య, ఈ ఊరి పోలీసు పటేలు, గడిలో ఆయన మాటంటే దొర మాటేనని దశరథ ఛాతీ విప్పి చెప్పాడు. ఆ ఫొటో హోటలు వాళ్ళకు ఇచ్చింది కూడా తనే. అండాలు ప్లేటు బల్ల మీద పెట్టి, తలుపు పట్టుకుని, బయటికి వెళ్ళిపోయింది. అక్కడే మనం ఆగాం.

రాజమణి చాయ కప్పు కింద పెట్టి అత్త వెనకాలే వెళ్ళింది.

ముసురు పట్టి రెండు రోజులయింది. ఆకాశం తడిసిన గోనెసంచిలా గడి మీదికి వేలాడుతోంది. వాకిలి పక్క వసారాలో హోటలు వాళ్ళు పూలు కుప్పలు పోసి ఉంచారు. అన్నీ పట్నం నుంచి వచ్చిన బంతులు, చామంతులు. తంగేడు పువ్వు ఒక్కటంటే ఒక్కటి లేదు. చుట్టూ గుట్టల నిండా తంగేడు విరగబూసి ఉంటే వీళ్ళు దాన్ని చూడను కూడా చూడలేదు. అండాలు ఆ కుప్పలను ఒకసారి చూసింది. గదులు చూసుకునే అరుణమ్మను పిలిచి, తంగేడూ గునుగూ కావాలని గుట్టల వైపు సైగ చేసింది. ఇదే ఊరి మనిషయిన అరుణమ్మ అరగంటలో ఒడి నిండా తెచ్చి పోసింది.

అండాలు పూలు పేర్చడం చూసి రాజమణికి ప్రాణం కాస్త కుదుటపడింది. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు వరస, గునుగు వరస, మళ్ళీ తంగేడు. మగ్గం ఇంటి ఆసు మీద నూలు పోసిన చేతులు, వరస తప్పవు. మూడు నెలల కింద నల్లగొండ దవాఖానలో డాక్టరు, పెద్దామెకు మరుపు మొదలవుతోంది, జర కనిపెట్టుకుని ఉండండి అని చెప్పినప్పటి నుంచి ఇంట్లో అందరూ ఆమెను కనిపెట్టడం మొదలుపెట్టారు. చాయలో ఉప్పు వేస్తే మరుపు, వేయకపోతే ఇవాళ గుర్తుంది అన్నట్టుగా. ఈ చేతులకు మరుపేమిటని ఇప్పుడు రాజమణి అనుకుంది.

అంతలోనే అండాలు మోకాలెత్తు బతుకమ్మ మీద ఒక గుమ్మడి పువ్వు బోర్లించి చేతులు దులుపుకుంది. గౌరమ్మను పెట్టలేదు.

తెలంగాణలో పుట్టిన ఆరేళ్ళ పిల్లకు కూడా తెలుసు. పూలెన్ని వరసలైనా, పైన తమలపాకులో పసుపు ముద్ద చేసి గౌరమ్మను నిలిపితేనే అది బతుకమ్మ. లేకపోతే పూల కుప్ప.

మంజుల కూడా చూసింది. మంచి మనిషి, పోనీలే అన్నట్టు రాజమణి చెవి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. తమ ఇంట్లో ముసలామె, అంటే దశరథ నానమ్మ కూడా ఏటా అంతేనట, బతుకమ్మ పేరుస్తుంది, గౌరమ్మను పెట్టడం మరిచిపోతుందట. ఈ వయసులో అందరికీ ఇదే గతి అని, ఆ నానమ్మను ఊళ్ళోని పాత ఇంటి నుంచి తీసుకురావడానికే దశరథ కారు వేసుకుని వెళ్ళాడని చెప్పింది. గడప దాటక ఎన్నేళ్ళయిందో, మునిమనుమడి ఒప్పుకోలు అంటే వస్తానందట. లింగస్వామి కుటుంబం ఆ నానమ్మను ఎన్నడూ చూడలేదు. ఆమె ఏటా పంపే మామిడికాయ తొక్కును మాత్రం పన్నెండేళ్ళు తిన్నారు.

మంజుల చీర మార్చుకోవడానికి వెళ్ళింది. రాజమణి గిన్నెలో పసుపు తడిపి, ముద్ద చేసి, తమలపాకులో నిలిపి బతుకమ్మ మీదికి చెయ్యి చాచింది. అండాలు ఆమె మణికట్టు పట్టుకుంది. ఎనభై నాలుగేళ్ళ పట్టు కాదది.

"ఈడ పెట్టద్దు."

"అత్తమ్మా, గౌరమ్మ."

"నాకు ఎరుకనే. ఈడ పెట్టద్దన్న."

అండాలు లేచి గదికి నడిచింది. తడిగుడ్డతో వసారా తుడుస్తున్న అరుణమ్మ చెయ్యి ఆగిపోయింది. గుమ్మడి పువ్వు బోర్లించిన ఆ బతుకమ్మను చూసింది, వెళ్తున్న ముసలామె వీపు చూసింది. మీ అత్తమ్మది ఏ ఊరు మేడం అని అడిగింది. మోత్కూరు అని రాజమణి చెప్పింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి విన్నది అదే. లింగస్వామి కూడా అమ్మది మోత్కూరనే చెప్తాడు.

"కాదక్కా," అంది అరుణమ్మ. మేడం ఎప్పుడు అక్క అయిందో ఆమెకే తెలియదు. "గౌరమ్మ లేని బతుకమ్మ ఈ ఊరోళ్ళు తప్ప ఎవ్వరు పేర్వరు. అదిగుడ ఈ గడి వాకిట్ల తప్ప. మా అవ్వ చెప్పంగ విన్న. మీ అత్తమ్మది ఎర్రమడుగే."

హోటలు వాళ్ళు ఆ గదికి దివాన్ సూట్ అని పేరు పెట్టారు. మంచం ఎక్కడానికి చిన్న మెట్లున్నాయి. అండాలు మంచాన్నీ కుర్చీలనూ వదిలేసి, తలుపు పక్కన నేల మీద కూర్చుని ఉంది. రాజమణి గడియ పెట్టి, తనూ ఎదురుగా నేల మీదే కూర్చుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో అత్తను సూటిగా ఒక ప్రశ్న అడిగింది తక్కువ. కూరలో ఉప్పు సరిపోయిందా అన్నదే ఆ ఇంట్లో పెద్ద ప్రశ్న.

"నీది ఎర్రమడుగా అత్తమ్మా?"

అండాలు కొంగు చివర ముందుకు లాక్కుంది. అందులో చిన్న ముడి ఉంది. దాన్ని విప్పింది. లోపల తమలపాకు, తమలపాకులో ఇంకా ఆరని పసుపు గౌరమ్మ, నొసట ఇంత కుంకుమ.

మరిచిపోలేదు. పొద్దుననే చేసుకుని కట్టుకుంది.

"అమ్మ చెప్పేది," అంది అండాలు. "ఆట దొరది, గౌరమ్మ మనది అని. ఏడో రోజు ఊరి ఆడోళ్ళందరు గడికి వచ్చి ఆడాలె. పానం బాగలేకున్న రావాలె, బాలెంతైన రావాలె. దొరసాని పైన కూసోని సూసేది. అందరు గౌరమ్మను కొంగున ముడేసుకొని వచ్చేటోళ్ళు. ఈడ ఉత్త పూలకుప్ప సుట్టు తిరిగి ఆడి, ఇంటికి పోయినంక ముడి ఇప్పి మళ్ళ ఆడేటోళ్ళు. గా పసుపే పుస్తెలకు రాసుకునేది. దొరలకు ఎన్నడు తెల్వలె."

రాజమణికి నవ్వు రావలసిన మాట. రాలేదు.

పోలీసు యాక్షన్ రావడానికి ఇంకా ఏడాది ఉందట. అండాలుకు తొమ్మిదేళ్ళు, అక్క అల్వేలుకు పదమూడు. ఏడో రోజు ఆట అయిన మర్నాడు పొద్దునే పటేలు రామచంద్రయ్య వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాడు, ఆ పొన్నుకర్రతోనే. దొర బిడ్డ అత్తగారింటికి పోతోంది. వెంట ఒక ఆడబాప కావాలి. దొరల పిల్లతో పాటు పంపే దాసీ పిల్లను ఆడబాప అంటారు. పోయిన పిల్ల మళ్ళీ అమ్మ ముఖం చూసేది లేదు. చిన్నవాళ్ళయితే తొందరగా మరిచిపోతారని, మగ్గం నేసే సాలోళ్ళ చిన్నపిల్లను తోలుకురమ్మని దొరసాని చెప్పిందట.

"చిన్నపిల్ల అంటె నేనే. అమ్మ నన్ను మగ్గం గుంతల కూసోబెట్టి పైన బట్ట కప్పింది. బాపు మగ్గం మీద నేస్తనే ఉన్నడు. ఆయన కాళ్ళు నా నెత్తికి తాకుతున్నయి. చిన్నది మోత్కూరుకు మేనమామ ఇంటికి పోయిందని చెప్పింది అమ్మ. పటేలు జరసేపు నిలవడ్డడు. అయితే పెద్దదే నడువు అన్నడు."

ముసురు కిటికీ అద్దాల మీద సన్నగా జారుతోంది. రాజమణి అత్త వైపు కాస్త జరిగింది.

"అల్వేలు అత్తమ్మ ఏమన్నది?"

"ఏమనలె. చెప్పులు గుడ ఏసుకోలె. గుంత దిక్కు సూడనన్న సూడలె, సూస్తె నేను దొరుకుతనని. బాపు మగ్గం ఆపలె బిడ్డా. ఆపితె పటేలుకు అనుమానమొస్తది. అక్క పొయ్యేదాంక నేస్తనే ఉన్నడు."

ఆ సాయంత్రమే అండాలును నిజంగానే మోత్కూరుకు పంపారు. చెప్పిన అబద్ధాన్ని నిజం చేయాలి కదా. ఏడాది తిరగకముందే అక్క గత్తర జబ్బులో పోయిందని కబురు వచ్చింది. అమ్మ ఎక్కువ రోజులు బతకలేదు. అండాలు మోత్కూరు పిల్ల అయింది, మోత్కూరు నుంచే పెళ్ళయింది, మోత్కూరు మనిషిగానే ముసలిదయింది. హోటలు బోర్డు మీద రాజసం అని పెద్దక్షరాలు, ఊరి పేరు మూలన చీమంత. శ్రవణ్ తాతల ఊరు ఇదేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికి తోస్తుంది?

ఇక మిగిలింది ఒక్కటే. రాజమణి సాయంత్రం సంగతి ఏం చేద్దామని అడిగింది. మనస్విని చీర కట్టుకుని కూర్చుంది. శ్రవణ్ చిన్నప్పటి నుంచి నీ చేతి ముద్దలు తిన్న పిల్లాడు, వాడికి పటేలు తెలియడు, దొర తెలియడు అని కూడా అంది.

"పిల్లగాడు మంచోడే. నాకు ఎరుకలేదా? గని ఆ ఇంటి పిల్లగాని నొసటికి నా చెయ్యి లేస్తలేదు. లేపుదామంటె అక్క పోవుడే కనవడుతున్నది."

"అత్తమ్మా, గా గుంతల నుంచి నువ్వు బయటికొచ్చి డెబ్బయి అయిదేండ్లయింది."

"యాడొచ్చిన బిడ్డా?" అంది అండాలు.

రాజమణి సాయంత్రం సంగతి లోలోపల లెక్క వేసింది. బొట్టు పెట్టవలసిన పెద్దది ఉండి కూడా పెట్టలేదంటే ఒప్పుకోలు లేనట్టే. అది మంజులకూ తెలుసు, దశరథకూ తెలుసు. ఎందుకు పెట్టలేదో చెప్తే మంజుల మొగుడి తాతను గుమ్మం ముందు నిలబెట్టినట్టు. చెప్పకపోతే పన్నెండేళ్ళ స్నేహం ముఖాన తలుపు వేసినట్టు. పెట్టక తప్పదని బలవంతం చేస్తే, తను ఆ పైన కూర్చున్న దొరసానికి ఏం తీసిపోయినట్టు?

తలుపు మీద మంజుల గాజుల చెయ్యి చప్పుడు చేసింది. అందరూ వాకిట్లో ఉన్నారట. అత్తమ్మకు చీర కడుతున్నానని రాజమణి లోపల నుంచే అంది. అండాలు పొద్దుననే చీర మార్చుకుంది. గృహిణి అబద్ధానికి తడుముకోదు.

"వదినా, తొందరగ రాండ్రి. ముసురు పెరుగుతాంది," అని మంజుల వెళ్ళిపోయింది. ఆ పిలుపులోని సంబురం వింటూ రాజమణి అత్త జుట్టు సర్దింది.

ఒక దారి ఆలోచించింది. అత్తమ్మ చెయ్యి బెణికిందని, పెద్దరికానికి పక్కన కూర్చుంటుందని, బొట్టు లింగస్వామి పెడతాడని చెప్పవచ్చు. నమ్ముతారు. ఈ ముసలామె ఏం చేసినా మరుపనీ వయసనీ నమ్మడానికి అందరూ సిద్ధంగానే ఉన్నారు కదా. అత్తకు ఆ మాటే చెప్పింది. అండాలు గౌరమ్మను మళ్ళీ కొంగున ముడివేసుకుని, తల ఊపి, కోడలి భుజం పట్టుకుని లేచింది.

వాకిట్లో బతుకమ్మను చెక్క బల్ల మీద పెట్టారు. మనస్విని కుంకుమ భరిణె పట్టుకుని నిలబడింది. నారింజ రంగు పట్టుచీర, నేసింది వాళ్ళ ఇంటివాళ్ళే. శ్రవణ్ పక్కన నిలబడి ఆమె కొంగు మీద పడిన చినుకులు తుడుస్తున్నాడు. వాళ్ళను చూసి రాజమణి కళ్ళు తిప్పుకుంది. మేనేజరు పాటల పెట్టె పెట్టబోతే అరుణమ్మ వద్దంది.

గడి దర్వాజలో కారు ఆగింది. దశరథ దిగి, వెనక తలుపు తీసి, ఒక ముసలామెను రెండు చేతులతో దింపాడు. తెల్లటి జుట్టు, వంగిన నడుము, చేతికర్ర. దిగీ దిగగానే ఆమె చెప్పులు విడిచి చేత పట్టుకుంది. వద్దు నానమ్మా అని దశరథ అంటున్నా వినలేదు. కంకర మీద ఉత్త కాళ్ళతో, తల ఎత్తకుండా నడిచి వచ్చింది.

రాజమణి భుజం మీద అండాలు వేళ్ళు బిగుసుకున్నాయి.

ముసలామె బతుకమ్మ దగ్గరికి వచ్చి ఆగింది. బోర్లించిన గుమ్మడి పువ్వును చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కర్ర వదిలేసి, తన కొంగు చివర ముడిని పిడికిట పట్టుకుంది.

"ఎవరు పేర్చిండ్రిది?" అని అడిగింది.

మంజుల నవ్వబోయి ఆగింది. అప్పుడు అండాలు కోడలి భుజం వదిలేసి రెండడుగులు వేసింది. తొమ్మిదేళ్ళ పిల్ల గొంతు ఎనభై నాలుగేళ్ళ నోట్లోంచి వచ్చింది.

"అక్కా. అల్వేలక్కా. నేను గుంతలున్న."

ఆ తర్వాత ఇద్దరు ముసలివాళ్ళూ ఒకరి ముఖం ఒకరు తడుముకున్నారు. పోయిన మనిషి ఎట్లా బతికింది, దొర బిడ్డ వెంట పోవలసిన పిల్ల పటేలు ఇంటి పెద్దామె ఎట్లా అయింది, ఎవరి ఇష్టంతో అయింది, చెప్పేవాళ్ళు అక్కడ లేరు. అరుణమ్మ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, పటేలమ్మ తన ఇంట్లో పేర్చినా గౌరమ్మను పెట్టదక్కా, ఏటా పెట్టదు అని గొణిగింది. గడి బయట కూడా ఆమెకు గడే అన్నమాట.

మంజుల ఏడుస్తోంది. లింగస్వామి ఏమీ అర్థం కాక దశరథ వైపు చూస్తున్నాడు. సంబంధం అనుకున్న నాటి నుంచి అతన్ని బావా అని పిలవడం అలవాటు చేసుకున్న దశరథ, కళ్ళు తుడుచుకుంటూ, "బావా, మనం ముందునుంచే సుట్టాలమట," అన్నాడు.

ఆ మాట రాజమణి చెవిలో పడింది. వంటింట్లో గ్లాసుల బియ్యం లెక్క పెట్టినట్టు, ఆమె బొటనవేలు తనంతట తను వేళ్ళ మీద కదిలింది. అల్వేలు, అండాలు అక్కచెల్లెళ్ళు. అల్వేలు కొడుకూ లింగస్వామీ అన్నదమ్ములు. ఆ అన్న కొడుకు దశరథ. అంటే లింగస్వామి దశరథకు బావ కాడు, చిన్నాయిన. మనస్విని దశరథకు చెల్లె.

బొటనవేలు చిటికెనవేలి దగ్గర ఆగింది. శ్రవణ్‌కు మనస్విని మేనత్త. తల్లి తర్వాత తల్లి.

తల ఎత్తేసరికి అండాలు ముఖం రెండు రోజుల ముసురు తెరిపిచ్చినట్టుగా ఉంది. ఒక చెయ్యి అక్క చేతిలో ఉంది. ఇందాక లేవనన్న రెండో చెయ్యి, ఎవరూ అడగకుండానే, మనస్విని పట్టుకున్న భరిణెలో మునిగి, వేలి చివర ఎర్రగా కుంకుమతో శ్రవణ్ నొసటి వైపు లేచింది. పిల్లాడు నవ్వుతూ తల వంచాడు.

అంతసేపు ఏ చెయ్యి లేవాలని బతిమాలిందో, ఆ చెయ్యిని పట్టి ఆపడానికి రాజమణి పరుగెత్తింది.